గేదె సంగతి చెప్పమన్నాను

నా మనవరాలికి పశువుల బాధ పట్టదని రాశారు.

రాసింది ఇంగ్లండులో ఒక కాలేజీ. జంతువుల ఆసుపత్రులకు నర్సుల్ని తయారుచేసే కాలేజీ. ఆ పిల్లని వాళ్ళు చూసింది ఒక్కసారి, అదీ సెల్‌ఫోనులో. మాట్లాడిన కొన్నాళ్ళకు, జంతు సంక్షేమం మీద అభ్యర్థికి ఉన్న అవగాహనపై సందేహాలున్నాయనీ, సీటు ఇవ్వలేకపోతున్నామనీ మెయిలు పెట్టారు. కింద, ఆమె భవిష్యత్తు బాగుండాలని కోరుకున్నారు కూడా. తన్ని తలగడ ఇవ్వడం అంటే ఇదే.

ఆ మెయిలు నాలుగు ముక్కల్నీ నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. ఎటు తిప్పి చదివినా వచ్చిన అర్థం ఒకటే. పశువుల మధ్య పెరిగి, వాటి చదువే చదివిన పిల్లని దయలేని మనిషి అన్నారు.

నేను ఐదో తరగతితో బడి మానినవాణ్ణి. ఇంగ్లీషు నేర్చుకున్నది ఎరువుల బస్తాల మీద, పురుగుమందు డబ్బాల మీద. తర్వాత విజయవాడలో పాత పుస్తకాల దుకాణంలో నిఘంటువు కొనుక్కుని పేపరు చదవడం మొదలుపెట్టాను. డిగ్రీ ఉన్నవాడు తప్పు మాట్లాడితే పొరపాటు అంటారు. నాలాంటివాడు ఒప్పు మాట్లాడినా ఎక్కడ చదివారండీ అని అడుగుతారు. ఈ అవమానం నాకు పాతదే. నా మనవరాలికి మాత్రం ఇది ఉండకూడదనుకున్నాను. ఆ పిల్ల చేతిలో ఎవరూ వేలెత్తి చూపలేని కాగితం ఉండాలనుకున్నాను.

మా మామిడితోట ఆగిరిపల్లికీ నూజివీడుకీ మధ్యన. చిన్నరసాలు, బంగినపల్లి, గట్టు వెంబడి కలెక్టరు కాయ చెట్లు. పూత మీదే తోట అమ్మేస్తాం కనుక కాయ వ్యాపారిది. చెట్ల కింద గడ్డీ నీడా మావి. ఆ గడ్డి మీద, ఆ నీడలో మా గేదెలు బతుకుతాయి. కాయ పోయిన ఏడు కూడా ఇల్లు నడిచిందంటే వాటివల్లే. అల్లుడు పోయాక నా కూతురు, దాని కూతురు మా ఇంటికి వచ్చేశారు. పిల్ల అప్పటికి ఇంకా బడికి పోతోంది. వచ్చిన మర్నాటి నుంచే గొడ్ల సావిట్లో ఉండేది. తండ్రి పోయిన దుఃఖం ఇంట్లోవాళ్ళకి చెప్పుకున్నది తక్కువ, దూడల మెడ పట్టుకుని కూర్చున్నది ఎక్కువ.

పదో తరగతి కాగానే పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసింది. దూడ అడ్డం తిరిగితే చెయ్యి పెట్టి సర్దడం, సూది వెయ్యడం, పొదుగువాపు చూడగానే పట్టడం వచ్చింది. చుట్టుపక్కల వాళ్ళు డాక్టరు గారి కంటే ముందు దీనికే ఫోను చేసేవారు. "అమ్మాయ్, మా గేదె మేత ముట్టట్లేదు, ఒకసారి వచ్చి పోమ్మా" అని పొద్దున్నే ఎవరో ఒకరు వాకిట్లో ఉండేవారు.

పై దేశాల్లో ఈ పని సంగతి ఏమిటో ఫోనులో చదివి తెలుసుకున్నది నేనే. మన డిప్లొమా అక్కడ ఊరికే చూస్తారు, లెక్కలోకి తీసుకోరు. అక్కడ జంతువుల నర్సు అనేది వేరే చదువు. కాలేజీలో పాఠం విని, వాళ్ళు ఒప్పుకున్న ఆసుపత్రిలో నెలల తరబడి పనిచెయ్యాలి. కట్టు కట్టడం దగ్గర్నుంచి మత్తు ఇచ్చిన జంతువును కనిపెట్టి ఉండడం దాకా, ప్రతి పనీ చేసి చూపించి పెద్దవాళ్ళ చేత సరే అనిపించుకోవాలి. ఆ పైన పరీక్ష. పేరు రిజిస్టర్లోకి ఎక్కాకే నర్సు అనిపించుకుంటారు. ఎక్కాక కూడా ఏటేటా కొత్త సంగతులు నేర్చుకుంటూ ఉండాలట. ఇక్కడ మందుల షాపువాడు చెప్పిన సూది రైతే పొడిచేస్తాడు. నేనూ పొడిచాను. అంత పద్ధతి ఉన్న చోట మా పిల్ల ఉండాలి అనుకున్నాను. ఆ దేశాన్ని మెచ్చుకున్నవాణ్ణే నేను, ఇది మరిచిపోకుండా రాస్తున్నాను.

ఇంగ్లీషు పరీక్ష కోచింగుకి హనుమాన్ జంక్షన్ వెళ్ళొచ్చేది. లారీల దుమ్ములో దిగి, దుమ్ములో ఎక్కి, బస్సులోనే పాఠం వల్లెవేసేది. మొదటిసారి మార్కులు చాల్లేదు, రెండోసారి వచ్చాయి. ఇక మిగిలింది ఇంటర్వ్యూ ఒక్కటే. అది నెగ్గితే సీటు, సీటొస్తే వీసా. ఇన్నాళ్ళ కష్టం ఆ ఒక్క మాటల పరీక్ష మీద నిలబడింది.

మా పిల్ల మాట్లాడదు. అది దాని స్వభావం. అడిగితే చెబుతుంది, అడగకపోతే లేదు. నాకు భయం వేసింది. వాళ్ళు ఏమడిగినా తేలిపోయే జవాబులు చెప్పకు, నువ్వు చేసింది చెప్పు అన్నాను. "గేదె సంగతి చెప్పు" అన్నాను.

"అది వద్దేమో తాతయ్యా."

"ఎందుకు వద్దు? నువ్వు చేసినట్టు ఎవరు చేస్తారు?"

మజ్జిగ గ్లాసు చేతిలో తిప్పుతూ కూర్చుంది. కాసేపటికి, "సరే, చెప్తాను" అంది.

ఆ గేదె సంగతి ఇది.

పిల్ల డిప్లొమా ముగించి వచ్చిన ఏడు, మా సావిట్లో చివర కట్టే గేదె ఈనిన కొత్త. దుడ్డెని, అంటే ఆడదూడని కన్నది. కాలవ దగ్గర అడుసులో జారి, వెనక కాళ్ళు రెండూ రెండు వైపులకు విడిపోయి పడింది. మళ్ళీ లేవలేదు. తోటలో పూత విచ్చుకుంటున్న రోజులవి, చెట్ల కింద తేనెమంచు పురుగు కార్చిన జిగట. డాక్టరు గారు వచ్చారు. తుంటి మీద చెయ్యి పెట్టి, కాలు కదిపించి, చాలాసేపు చూశారు. చిన్నవాడే అయినా మంచివాడు. నొప్పి సూది వేసి, చేతులు కడుక్కుంటూ నాతో, "బాబాయి గారూ, ఇది లేవదండి. నా దగ్గర మందుంది. నిద్రలోనే పోతుంది" అన్నారు.

నేను ఒప్పుకోలేదు. మా నాన్న చేతుల మీదుగా అలాంటివి రెండు లేచాయి. ఒకటి ఆ తర్వాత ఈనింది కూడా. పాలిచ్చినన్నాళ్ళు తాగి, పడిపోగానే సూది పెట్టించడం మా ఇంట్లో లేదు. ఆ మాటే అన్నాను.

డాక్టరు గారు నా మనవరాలి వైపు తిరిగారు. "నువ్వు చెప్పమ్మా. చదువుకున్నదానివి."

అది గేదె తలని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. నా వైపు చూసింది. "తాతయ్య ఎలా అంటే అలా అండి" అంది.

పెద్దల మాట జవదాటని పిల్ల అని ఆ రోజు ఎంత పొంగిపోయానో.

మా వైపు పడిపోయిన గొడ్డుని నిలబెట్టడానికి ఒక పద్ధతి ఉంది. గోనె పట్టాలు నాలుగైదు కలిపి కుట్టి పొట్ట కిందుగా దూర్చి, రెండు కొసలకీ మోకులు కట్టి, బలమైన మామిడి కొమ్మకి వేసి లాగుతారు. కాళ్ళు నేలకి ఆనీ ఆనకుండా ఉండాలి. పొద్దునా సాయంత్రం అలా కాసేపు నిలబెట్టి దించాలి. దించినప్పుడు ప్రతిసారీ పక్క మార్చాలి, లేకపోతే ఒకే వైపు బరువుకి ఒళ్ళు చచ్చుబడుతుంది. పాత రోజుల్లో పదిమంది కలిసి లాగేవాళ్ళం. ఇప్పుడు పదిమంది ఎక్కడ? బోరు మోటార్లు పైకి తీసేవాళ్ళ దగ్గర చైన్ కప్పీ అడిగి తెచ్చాను. ముసలి బంగినపల్లి చెట్టు కొమ్మకి వేశాం.

ఆ తర్వాత ఆ గేదెకి తల్లీ తండ్రీ నా మనవరాలే. తౌడు జావ కాచి, కొమ్ము పట్టుకుని, కొంచెం కొంచెంగా తాగించేది. గడ్డి పరుపు తడవగానే మార్చేది. నెమరు వేస్తోందా లేదా అని పొద్దున లేవగానే దవడ మీద చెయ్యి పెట్టి చూసేది. పట్టాలు ఒరుసుకుని తొడల కింద తోలు ఊడింది. వేపనూనె రాసింది. పుళ్ళలో పురుగులు పడ్డాయి. టర్పెంటాయిలు పోసి, ఒక్కొక్కటీ ఏరి తీసింది. ఆ వాసనకి కూలివాళ్ళు ఆ చెట్టు దగ్గర అన్నం తినడం మానేసి అవతలి గట్టుకి పోయేవారు. మా పిల్ల మాత్రం అక్కడే కూర్చుని తినేది.

డాక్టరు గారు ఇచ్చిన నొప్పి మందు అయిపోయాక మళ్ళీ తేలేదు. కాలు నిలవాలి గానీ నొప్పి ఎంతలో పోతుంది అనుకున్నాను. ఒకరోజు సాయంత్రం పిల్ల నా దగ్గరికి వచ్చి, "పళ్ళు కొరుకుతోంది తాతయ్యా" అంది.

"నెమరు వేస్తోందేమో."

"నెమరు కాదు."

"నెమరే. చూస్తూ ఉండు, కాయ కోతకి లేచి నిలబడుతుంది" అన్నాను.

పిందె కట్టింది. కాయ పెరిగింది. కోతకు కూలీలు వచ్చారు, చిక్కాల గెడలతో చెట్లెక్కారు, ఆ ఒక్క చెట్టు మాత్రం వదిలేశారు. మధ్యలో ఒక పశువుల బేరగాడు వచ్చి, కబేళా లారీ ఎక్కించేస్తాను, ఎంతో కొంత వస్తుందండీ అన్నాడు. వాణ్ణి గేటు దాటేదాకా తిట్టాను. చర్చి నుంచి వస్తూ మా పక్క తోట ఆమె ఆగి, గేదె మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. చేసి లేచి, "ప్రభువు దీన్ని త్వరగా తీసుకుంటే బాగుండును అండి" అంది. ఆవిడ ప్రార్థన ఆవిడది.

తొలకరి పడిన రోజు పొద్దున గేదె పోయింది. మనవరాలు ఏడవలేదు. దుడ్డెని విప్పి తీసుకెళ్ళి, అది తల్లిని చూడకుండా ఇంటి వెనక కట్టేసింది. నేనూ ఇద్దరు కూలీలూ గొయ్యి తవ్వాం. కొమ్మ మీద గొలుసు ఒరిపిడి గాటు ఇప్పటికీ ఉంది.

ఆ సేవ కాదా దయ? అదే చెప్పమన్నాను. తప్పా?

ఇంటర్వ్యూ రోజు సిగ్నలు బాగా అందే చోటని మోటారు షెడ్డు పక్కన కుర్చీ వేశాం. వెనకాల తెల్లదుప్పటి కట్టింది నా కూతురు. ఫోను కంటికి కనబడని చోట, నేను మంచం మీద కూర్చున్నాను. అటువైపు ఒక ఆవిడ, నెరిసిన జుట్టు, మెత్తటి గొంతు. ముందు కుశల ప్రశ్నలు వేసింది. ఎందుకు ఈ పని ఎంచుకున్నావు అని అడిగింది. పిల్ల బాగానే చెప్పింది. మీ అనుభవంలో ఒక కష్టమైన సందర్భం చెప్పండి అంది. పిల్ల ఒక్కసారి నా వైపు చూసింది. నేను తల ఊపాను. చెప్పడం మొదలుపెట్టింది.

పట్టాలూ, మోకులూ, జావ, పుళ్ళూ అన్నీ చెప్పింది. నా ఇంగ్లీషుకి అందినంత విన్నాను. ఎంతకాలం అని ఆవిడ అడిగితే పూత నుంచి తొలకరి దాకా, నాలుగైదు నెలలని చెప్పింది. ఆవిడ కలం తీసుకుని ఏదో రాసుకుంది. మెచ్చుకుంటోంది అనుకున్నాను. ఆ తర్వాత ఏదో అడగబోతుంటే, కాయ వ్యాపారి గేటు దగ్గర హారను కొట్టాడు. వాడు కొట్టాడంటే మనిషి కనబడేదాకా ఆపడు. లేచి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి అయిపోయింది. పిల్ల దుప్పటి మడత పెడుతోంది.

"ఏమడిగింది?"

"మామూలువే తాతయ్యా."

తర్వాత ఆ మెయిలు వచ్చింది.

నా కోపం ఒక రోజుది కాదు. పాల ఫారాల్లో పనికిరాని మగదూడల్ని ఆ దేశాల్లో పుట్టిన కొద్ది రోజులకే ఏం చేస్తారో నేను చదివాను. వాళ్ళ కుక్కకి జబ్బు చేసి ఖర్చెక్కువైతే ఏం చేస్తారో చదివాను. ఒక సూది, ఒక కన్నీటి బొట్టు, మర్నాడు మామూలే. మేము చావనివ్వకుండా కూర్చుంటే దయలేనివాళ్ళమా? బతికి ఉన్న ప్రాణిని బతకనివ్వడం నేరం ఎప్పుడయింది? ఇదంతా రాశాను. రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి, కాలేజీకి పంపాను. మీ సందేశం అందింది, వీలైనప్పుడు జవాబిస్తాం అని మిషను జవాబు వచ్చింది. మళ్ళీ పంపాను. మళ్ళీ అదే మిషను.

ఆగిరిపల్లిలో టీ కొట్టు దగ్గర సంగతి పాకింది. "ఏంటండీ, మీ మనవరాలి విమానానికి గేదె అడ్డం పడుకుందంట" అన్నాడు ఒకడు. ఇంకొకడు, "అక్కడ కుక్కలకి కూడా ఇన్సూరెన్సంటండీ, మీరు అక్కడ కుక్కగా పుట్టాల్సింది" అన్నాడు. నవ్వారు. నేను టీ తాగకుండా వచ్చేశాను.

ఇంట్లో కూడా నాకు తోడు లేదు. నా కూతురు, "మీరు రాసిన కొద్దీ దాని పేరే పాడవుతుంది నాన్నా, ఇక వదిలెయ్యండి" అంది. మనవరాలు రాయొద్దు అని ఒక్కసారి అంది. నీ కోసమే కదమ్మా అంటే ఊరుకుంది.

సీటు రాలేదని అది ఇంట్లో కూర్చోలేదు. విజయవాడలో కుక్కలూ పిల్లులూ చూసే క్లినిక్కులో చేరింది. పొద్దున బస్సుకి వెళ్ళి చీకటి పడేవేళకి వచ్చేది. ఒకరోజు వచ్చి పంపు దగ్గర చేతులు కడుక్కుంటూ కడుక్కుంటూ అలాగే నిలబడిపోయింది. ఏమయింది అని అడిగాను.

"ఇవాళ ఒక కుక్కని పడుకోబెట్టేశాం తాతయ్యా. ముసలిది. నేనే పట్టుకున్నాను."

"దాన్ని చంపడానికా నువ్వు చదివింది?" అన్నాను. గట్టిగానే అన్నాను.

అది పంపు ఆపి, కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఓనరు ఏడ్చాడు. కుక్క ఏడవలేదు" అని లోపలికి పోయింది. ఆ పూట అన్నం తినలేదు. నేనూ తినలేదు. ఆ కాలేజీవాళ్ళే దీన్ని ఇలా చేశారని, ఇంకో ఉత్తరం రాశాను. అన్నిటికంటే ఘాటుగా రాశాను. దాని తరఫున అడిగేవాడు లేడనుకోకండి అని రాశాను.

ఈసారి మిషను జవాబు కాదు వచ్చింది. అదీ నాకు కాదు, మనవరాలికి వచ్చింది. నీ ఇంటర్వ్యూ గురించి మీ తాతగారు అడుగుతున్నారు, ఆయనతో మాట్లాడడానికి నీ అనుమతి ఉందా అని. అది ఫోను చేతిలో పట్టుకుని అరుగు మీద చాలాసేపు కూర్చుంది. నేను ఎదురుగానే ఉన్నాను, సీతాఫలం చెట్టుకి నీళ్ళు పెడుతున్నాను. ఇవ్వమ్మా, నిజం ఏమిటో తేలుతుంది అన్నాను. "మీకు తెలుసుకోవాలని ఉందా తాతయ్యా?" అని అడిగింది. ఉంది అన్నాను. వేలితో ఒకచోట నొక్కి, ఫోను అరుగు మీద పెట్టి, దుడ్డెకి మేత వెయ్యడానికి వెళ్ళింది. ఆ దుడ్డె ఇప్పుడు పెద్దదయింది, ఎదకొచ్చింది.

కొన్ని రోజులకు, ఇంటర్వ్యూ చేసిన ఆ నెరిసిన జుట్టు ఆవిడ నుంచే జవాబు వచ్చింది. నా మాటలు ఇంత రాశాక వాళ్ళ మాట దాచడం న్యాయం కాదు కనుక, నిఘంటువు పెట్టుకుని నాకు చేతనైనట్టు తెలుగు చేసి మొత్తం కింద ఇస్తున్నాను. దీనికి నేను తిరిగి ఏమీ రాయలేదు.

"అయ్యా,

మీ ఉత్తరాలన్నీ అందాయి. మీ మనవరాలు అనుమతి ఇచ్చింది కనుక రాస్తున్నాను. ఆమెకు దయ లేదని మేము అనుకోలేదు. గేదెను పట్టాలతో లేపి నిలబెట్టడాన్నీ తప్పు పట్టలేదు. మా దగ్గరా కొన్నిసార్లు అలా చేస్తారు. అది ఇక లేవదని నీకు ఎప్పుడు తెలిసింది అని నేను అడిగాను. మొదటి రోజే అంది. దానికి నొప్పిగా ఉందని ఎలా తెలిసింది అని అడిగాను. పళ్ళు కొరకడం గురించి, చెవులు వాల్చడం గురించి, మా విద్యార్థులు చాలామంది చెప్పలేనంత బాగా చెప్పింది. మరి ఆ సంగతి ఎవరికి చెప్పావు అని అడిగాను. మా తాతయ్యకు ఒకసారి చెప్పాను, ఆయన కాదన్నారు, మళ్ళీ చెప్పలేదు అంది. రేపు ఇక్కడ ఒక డాక్టరు పొరబడితే చెప్పగలవా అని అడిగాను. చాలాసేపు ఆలోచించి, తెలియదు అంది. నిజం చెప్పినందుకు ఆమె మీద నాకు గౌరవం ఉంది. కానీ నోరులేని ప్రాణి తరఫున రెండోసారి కూడా చెప్పగలిగే మనిషి మాకు కావాలి. వచ్చే ఏడాది ఆమె మళ్ళీ దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ విషయమై ఉత్తరం రాయవలసి వస్తే, దయచేసి ఆమెనే రాయనివ్వండి."